ఒప్పుకుంటే కేసు పోతుందట, మరి వీసా?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా దగ్గర ఎంఎస్ రెండో ఏడాది చదువుతున్నాడు. పోయిన నెల ఒక శనివారం రాత్రి రూమ్మేట్‌ని, అతని ఫ్రెండ్‌ని ఎక్కించుకుని కారు నడుపుతున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకుని మ్యాప్ చూశాడట. అది గమనించి పోలీసు ఆపాడు. లైసెన్సు అడిగాడు, ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగాడు, కాసేపయ్యాక కారు చూడొచ్చా అన్నాడు. మావాడు సరేనన్నాడు. వెనక సీటు కింద ఒక సంచిలో తెల్లటి పొడి దొరికింది. ప్యాకెట్‌తో సహా 33 గ్రాములు, కొకైన్ అంటున్నారు. ముగ్గురినీ అరెస్టు చేశారు. మావాడి మీద రెండు కేసులు: ఒకటి ఫోన్ పట్టుకున్నందుకు, రెండోది డ్రగ్ ట్రాఫికింగ్. ఐదు రోజులు జైల్లో ఉండి బాండ్ మీద బయటికొచ్చాడు. సంచి తనది కాదంటాడు. వాడు సిగరెట్ కూడా తాగడు. ఏదీ అమ్మనివాడి మీద ట్రాఫికింగ్ ఎలా పెడతారు? ఫోన్ టికెట్ (చలాన్) ఆన్‌లైన్‌లో కట్టేయమంటారా? ఇక్కడ మాకు తెలిసిన కన్సల్టెన్సీ ఆయన "ఛార్జి (నేరారోపణ) తగ్గించి ఇస్తారు, దానికి ఒప్పుకుంటే ఫస్ట్ అఫెండర్ కింద రికార్డే ఉండదు, చదువు పూర్తి చేసుకోవచ్చు" అంటున్నారు. టెన్షన్‌తో మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న ఓ తండ్రి, వరంగల్

సమాధానం: అయ్యా, మీరు ఆఖర్న అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. మిగతావాటిలో పొరపాటు జరిగినా సర్దుకోవచ్చు, దీంట్లో జరిగితే సర్దుకోవడం చాలా కష్టం. అమెరికా ఇమిగ్రేషన్ చట్టం తెలిసిన లాయర్ కేసు కాగితాలన్నీ చూసి, "ఇది ఒప్పుకుంటే వీసాకి ఏమవుతుంది" అన్న ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబిచ్చేదాకా మీ అబ్బాయి దేనికీ ఒప్పుకోకూడదు. పెద్ద ఛార్జికీ ఒప్పుకోకూడదు, తగ్గించిన ఛార్జికీ ఒప్పుకోకూడదు. మీ కన్సల్టెన్సీ ఆయన మాటల్లో సగం నిజం ఉంది. వినేవాళ్లు నమ్మేది ఆ సగాన్ని చూసే. నేను మీ అబ్బాయి లాయర్ని కాను, కేసు ఫైలు చూడలేదు. చట్టం ఎలా ఉందో, మీరు ఎవరిని ఏమడగాలో మాత్రం చెప్పగలను.

ఇక మొదటి నుంచి వద్దాం. ముందు ఫోన్ సంగతి.

జార్జియాలో 2018 జులై 1 నుంచి హ్యాండ్స్ ఫ్రీ చట్టం అమల్లో ఉంది. బండి నడిపేటప్పుడు ఫోన్‌ని చేత్తోనే కాదు, ఒంట్లో ఏ భాగంతోనూ పట్టుకోకూడదు, ఆనించుకోకూడదు. తొడ మీద పెట్టుకున్నా తప్పే, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నా తప్పే. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం కదా అంటే కుదరదు, సరైన చోట పార్కు చేసి ఉంటేనే మినహాయింపు. మ్యాప్ చూసుకోవచ్చు గానీ ఫోన్ స్టాండులో ఉండాలి. మన దగ్గర 2020 అక్టోబరు నుంచి దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడుకోవచ్చని కేంద్ర నిబంధనల్లో ఉంది. ఆ అలవాటుతో వెళ్లిన పిల్లలు అక్కడా "మ్యాపే కదా" అనుకుంటారు. కాలిఫోర్నియాలో ఒకాయన సరిగ్గా అదే వాదనతో అప్పీలుకు వెళ్తే, చేత్తో ఫోన్ పట్టుకుని మ్యాప్ చూడటం కూడా నేరమేనని 2025లో అక్కడి అప్పీల్ కోర్టు తేల్చింది.

అమెరికా మొత్తానికి దీనిపై ఒకే చట్టం లేదు. టెక్సస్‌లో 2017 నాటి చట్టం ప్రధానంగా మెసేజ్‌ల గురించే. ఒహాయోలో 2023 నుంచి, పెన్సిల్వేనియాలో 2025 జూన్ నుంచి ఫోన్ చేత్తో పట్టుకుంటే చాలు, అదొక్కటే కారణంగా బండి ఆపొచ్చు. మోంటానాలో రాష్ట్రమంతటికీ వర్తించే నిషేధమే లేదు. డాలస్‌లో ఉన్న మీ బంధువుల అబ్బాయి "ఇక్కడ ఏం కాదు" అని చెప్తే అది వాళ్ల ఊరి మాట, అట్లాంటాకి పనికిరాదు.

జార్జియాలో మొదటిసారి జరిమానా 50 డాలర్లు, లైసెన్సు మీద ఒక పాయింటు. చేత్తో పట్టుకోకుండా ఫోన్ వాడుకునే పరికరం కొన్నట్టు కోర్టులో చూపిస్తే మొదటిసారికి కేసు కొట్టేసే వీలు కూడా ఆ చట్టంలోనే పెట్టారు. ఇంత చిన్నది కాబట్టే, కట్టి వదిలించుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది.

కట్టకండి. టికెట్ కట్టడమంటే నేరం ఒప్పుకోవడమే. పెద్ద కేసుకి మూలం ఈ చిన్న టికెట్టే. పోలీసు బండి ఆపడానికి చూపించిన కారణం ఇదొక్కటే కదా. ఆ కారణం నిజం కాదని తేలితే, ఆ తర్వాత దొరికినదాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దని కోర్టుని అడగడానికి దారి ఉంటుంది. ఫోన్ పట్టుకున్నానని మీవాడే డబ్బు కట్టి ఒప్పేసుకుంటే ఆ తలుపు మనమే మూసుకున్నట్టు. రెండు కేసులూ ఒకే లాయర్ చేతిలో ఉండాలి, టికెట్ ఏం చేయాలో ఆ లాయరే చెప్పాలి. అలాగని కోర్టు తేదీకి వెళ్లకుండా ఊరుకోవద్దు, వెళ్లకపోతే వారెంట్ వస్తుంది.

ఇక్కడ ఒక మాట. "ఫోన్ వంక మాత్రమే, వాళ్లకి మా అబ్బాయి రంగు చూసి అనుమానమొచ్చింది" అని మీకు అనిపించవచ్చు. అది నిజమే అయినా కావచ్చు. కానీ ట్రాఫిక్ తప్పు నిజంగా జరిగితే, పోలీసు మనసులో ఏముందన్నది ఈ సందర్భంలో లెక్కలోకి రాదని 1996లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పేసింది. ఆ వాదన మీద ఆశ పెట్టుకోకండి.

దానికంటే గట్టి ప్రశ్న ఇంకోటుంది: ఎంతసేపు ఆపారు? 2015లో నెబ్రాస్కా నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, టికెట్ రాయడానికి ఎంత టైమ్ పడుతుందో అంతసేపే ఆపాలి, వేరే అనుమానానికి ఆధారం లేకుండా మత్తుమందు వాసన పసిగట్టే పోలీసు కుక్కను తిప్పడానికని కొద్ది నిమిషాలు అదనంగా ఆపినా తప్పే. మీ ఉత్తరంలో "కాసేపయ్యాక" అని ఒక్క మాట రాశారు. ఆ కాసేపు ఎంత? లైసెన్సు తిరిగి ఇచ్చేశాక అడిగాడా, చేతిలో పెట్టుకునే అడిగాడా? టికెట్ రాయడం అప్పటికే అయిపోయిందా? పోలీసు ఒంటి మీద ఉన్న కెమెరా, కారులో ఉన్న కెమెరా వీటికి జవాబు చెప్తాయి. ఆ వీడియోలు చెరిపేయకుండా ఉంచమని లాయర్ ఇప్పుడే ఉత్తరం రాయాలి. ఇంకా ఒకటి: సాక్ష్యాన్ని పక్కన పెట్టమనే పిటిషన్లు జార్జియాలో అరైన్‌మెంట్ అయ్యాక పది రోజుల్లో వేయాలి, కోర్టు గడువు పెంచితే తప్ప. అరైన్‌మెంట్ అంటే కోర్టులో ఛార్జి చదివి, ఒప్పుకుంటావా లేదా అని అడిగే రోజు. ఆ పది రోజులు నిద్రపోతే మంచి వాదన కూడా వృథా.

మీవాడు "సరే" అనడం గురించి మీరు తిట్టి ఉంటారు. తిట్టకండి. పోలీసు కనిపిస్తే చేతులు కట్టుకుని "సార్" అనమని నేర్పింది మనమే. కారు వెతుకుతానంటే "వద్దండి" అని మర్యాదగా చెప్పే హక్కు అక్కడ ఉంది. వద్దన్నంత మాత్రాన అది నేరానికి గుర్తు కాదు. ఆ సంగతి మన పిల్లలకి విమానం ఎక్కేముందు చెప్పేవాళ్లు లేరు. సరే అన్నాక వెతుకులాటను సవాలు చేయడం కష్టమవుతుంది గానీ అసాధ్యం కాదు. ఆ సరే స్వేచ్ఛగా అన్నదేనని రుజువు చేసే బాధ్యత ప్రభుత్వానిదే.

ఇక మీ అసలు ప్రశ్న. అమ్మనివాడి మీద ట్రాఫికింగ్ ఎలా పెడతారు?

మనకి ఆ మాట వినగానే సరిహద్దులు, లారీలు, ముఠాలు గుర్తొస్తాయి. జార్జియా చట్టంలో దానికి అంత అర్థం లేదు. అక్కడ ట్రాఫికింగ్ అంటే తూకం. కొకైన్ 28 గ్రాములు, అంటే వాళ్ల లెక్కలో ఇంచుమించు ఒక ఔన్సు, అంతో, అంతకు మించో దగ్గరుంటే చాలు. అమ్మినట్టు, కొన్నట్టు, రవాణా చేసినట్టు రుజువు చేయనక్కర్లేదు. 28 నుంచి 200 గ్రాముల్లోపు అయితే కనీసం పదేళ్ల జైలు, 2 లక్షల డాలర్ల జరిమానా అని చట్టంలో రాసి ఉంది. గంజాయికైతే ఆ గీత 10 పౌండ్ల పైన. పక్కనే ఉన్న ఫ్లోరిడాలో గంజాయికి 25 పౌండ్లు. కొకైన్‌కి అక్కడా 28 గ్రాములే గానీ కనీస శిక్ష మూడేళ్లు. రాష్ట్ర సరిహద్దు దాటితే శిక్ష మారిపోతుంది.

మన దేశంలో మత్తుమందులకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంతో పోల్చి చూస్తే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. ఇక్కడ కొకైన్ 2 గ్రాముల దాకా చిన్న పరిమాణం, 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. 33 గ్రాములు మధ్యలో పడుతుంది, శిక్ష పదేళ్ల వరకు. ఇక్కడ పదేళ్లు గరిష్ఠం, అక్కడ అదే పదేళ్లు కనిష్ఠం. ఇంతకుముందు నేరచరిత్ర లేనివాడు, ముఠాకు నాయకుడు కానివాడు, ఆయుధం లేనివాడు అయితే ఆ కనిష్ఠం కంటే కిందికి వెళ్లే వెసులుబాటు జార్జియా జడ్జికి చట్టం ఇచ్చింది. కాబట్టి పదేళ్లు అన్న అంకె చూసి గుండె ఆపుకోకండి. అదే సమయంలో "పిల్లాడు కదా, వదిలేస్తారు" అన్న ధీమా కూడా వద్దు.

తూకమే నేరం అయినప్పుడు తూకమే రక్షణ కూడా. "ప్యాకెట్‌తో సహా 33 గ్రాములు" అని మీరు రాశారు చూడండి, నేను మీ లాయర్‌నైతే ఆ మాట దగ్గరే ఆగిపోతాను. రోడ్డు పక్కన తూచిన బరువు వేరు, రాష్ట్ర దర్యాప్తు సంస్థ జీబీఐ లేబొరేటరీలో పొడిని విడిగా తూచి ఇచ్చే బరువు వేరు. సంచి, ప్లాస్టిక్ కవర్లు, చుట్టిన టేపు తీసేస్తే ఎంత మిగులుతుంది? 28 కంటే తగ్గితే ట్రాఫికింగ్ ఛార్జికి కాళ్లు ఉండవు. అసలు అది కొకైన్ అవునా కాదా అన్నది కూడా లేబొరేటరీయే చెప్పాలి. రోడ్డు మీద రంగు మారే పరీక్ష అనుమానానికే గానీ తీర్పుకి చాలదు. ఆ రిపోర్టు రాకముందే "ఈ వారంలో ఒప్పుకుంటే మంచి బేరం" అని ఎవరన్నా తొందరపెడితే, ఆ తొందర ఎవరి అవసరమో ఆలోచించండి.

సంచి ఎవరిది అన్న ప్రశ్న ఇంకా మెలికైనది. ముగ్గురున్న కారులో దొరికితే ముగ్గురినీ ఎందుకు పట్టుకుపోయారని మీకు కోపంగా ఉంటుంది. మేరీల్యాండ్‌లో అచ్చం ఇలాంటిదే జరిగింది. కారులో ముగ్గురు, వెనక సీటు చేతిరెస్టు వెనక కొకైన్ పొట్లాలు, నాది అన్నవాళ్లు లేరు. ముగ్గురినీ అరెస్టు చేయడం సబబేనని 2003లో సుప్రీంకోర్టు అంది. కానీ అది అరెస్టు వరకే. శిక్ష వేయాలంటే ఆ సంచి అక్కడుందని మీవాడికి తెలుసనీ, దాని మీద అతనికి అధికారం, ఉద్దేశం ఉన్నాయనీ సందేహం లేకుండా రుజువు చేయాలి. జార్జియాలో కారు యజమానికో, నడిపేవాడికో ఒక చిక్కుంది: కారులో ఉన్నది అతనిదేనని మొదట అనుకుంటారు. అయితే అందులో ఇంకొకరికి కూడా సమానంగా అందుబాటు ఉందని చూపిస్తే ఆ అనుమానం బలహీనపడుతుంది. వెనక సీట్లో కూర్చున్నది ఎవరు, ఆ సంచి కారులోకి ఎవరు తెచ్చారు, దాని మీద వేలిముద్రలు ఎవరివి, ఆ రోజు కారు ఇంకెవరన్నా వాడారా, ఇవన్నీ అందుకే ముఖ్యం.

అందుకే ఆ ముగ్గురికీ కలిపి ఒకే లాయర్‌ని పెట్టొద్దు. మనవాళ్లలో ఇది మామూలే, ముగ్గురి తల్లిదండ్రులూ కలిసి చందా వేసుకుని ఒక పెద్ద లాయర్‌ని మాట్లాడుకుందాం అంటారు. డబ్బు మిగులుతుంది గానీ, "సంచి నాది కాదు, అతనిది" అని చెప్పాల్సిన రోజు ఆ లాయర్ నోరు కట్టేసినట్టవుతుంది. రూమ్మేట్ వాళ్ల నాన్నతో మీరు మర్యాదగా ఉండండి, కానీ కేసు గురించి మాట్లాడకండి. మీ అబ్బాయిని రూమ్మేట్‌తో వాట్సాప్‌లో అసలే మాట్లాడొద్దనండి. బాండ్ షరతుల్లోనే ఆ నిషేధం ఉందేమో ముందు చూసుకోమనండి. పాత మెసేజ్‌లు తీసేయొద్దనండి. అమాయకంగా తీసేసినా సాక్ష్యం చెరిపాడని ఇంకో కేసు పెట్టగలరు. ఫోన్ పోలీసుల దగ్గరే ఉంటే, లోపల చూడటానికి వారెంట్ కావాలని 2014 నుంచి చట్టం స్పష్టంగా ఉంది. లాక్ నంబరు తనంతట తాను చెప్పకూడదు.

జైల్లో ఉన్న ఐదు రోజులూ మీరు ఫోన్లో మాట్లాడే ఉంటారు. అక్కడి జైలు ఫోన్లు రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడాం కదా అనుకోకండి, అనువాదకులకు కొదవ లేదు. ఏం మాట్లాడారో గుర్తు తెచ్చుకుని, మంచిదైనా చెడ్డదైనా, లాయర్‌కి ముందే చెప్పేయండి.

ఇప్పుడు నేను మొదట్లో ఆపేసిన సంగతి.

అమెరికాలో మీ అబ్బాయి రెండు ఇళ్లలో అద్దెకున్నట్టు లెక్క. ఒకటి జార్జియా రాష్ట్రం, రెండోది కేంద్ర ప్రభుత్వం. నేరానికి శిక్ష వేసేది మొదటిది. ఉండనిచ్చేదీ, పంపించేసేదీ రెండోది. మొదటి ఇంటాయన క్షమిస్తే రెండో ఇంటాయన క్షమించాలని లేదు. అసలు ఆ క్షమాపణని ఆయన చూడనే చూడడు.

కన్సల్టెన్సీ ఆయన చెప్పిన ఫస్ట్ అఫెండర్ పద్ధతి జార్జియాలో నిజంగానే ఉంది. నేరం ఒప్పుకుంటే కోర్టు శిక్ష ప్రకటించకుండా ప్రొబేషన్‌లో, అంటే షరతులతో నిఘాలో, పెడుతుంది, అది సక్రమంగా పూర్తి చేస్తే రాష్ట్రం దృష్టిలో మీరు శిక్ష పడనివారే. ట్రాఫికింగ్‌కి అది నేరుగా దొరకదు, అందుకే ముందు ఛార్జి తగ్గిస్తారు. ఇంతవరకూ ఆయన చెప్పింది తప్పు కాదు. కానీ కేంద్ర ఇమిగ్రేషన్ చట్టంలో "శిక్ష పడటం" అన్నదానికి వేరే అర్థం రాసి ఉంది. నేరం ఒప్పుకుని, దానికి ప్రొబేషనో జరిమానానో ఏ రకమైన కట్టడి వేసినా, కోర్టు తీర్పు ప్రకటించకపోయినా, ఇమిగ్రేషన్‌కి అది శిక్షే. తర్వాత రికార్డు మూసేసినా శిక్షే. విద్యార్థి వీసా మీద ఉన్నవాడికి మత్తుమందు కేసులో ఒక్కసారి శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అది చాలు. ఉన్న మినహాయింపు ఒక్కటే: సొంతానికి వాడుకునే గంజాయి 30 గ్రాముల లోపు, అదీ ఒకేసారి. కొకైన్‌కి ఆ మినహాయింపు ఒక్క గ్రాముకి కూడా లేదు.

దీనికి జార్జియా నుంచే ఒక ప్రసిద్ధమైన కేసుంది. మాంక్రీఫ్ అనే ఆయన మూడేళ్ల వయసులో జమైకా నుంచి వచ్చాడు, గ్రీన్‌కార్డు ఉంది. 2007లో ట్రాఫిక్ పోలీసు ఆపితే కారులో గంజాయి దొరికింది. ఎంత? 1.3 గ్రాములు, రెండు మూడు సిగరెట్లకి సరిపడా. పంపిణీ చేసే ఉద్దేశంతో ఉంచుకున్నానని ఒప్పుకున్నాడు. ఫస్ట్ అఫెండర్ కింద ప్రొబేషన్ ఇచ్చారు, జైలు లేదు, పూర్తి చేస్తే రికార్డూ ఉండదు. మీ కన్సల్టెన్సీ ఆయన చూపిస్తున్న దారి ఇదే. ఏమైంది? ఇమిగ్రేషన్ వాళ్లు దాన్ని డ్రగ్ ట్రాఫికింగ్‌గా, అత్యంత తీవ్రమైన నేరాల జాబితాలో కట్టి, పంపించేయమన్నారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2013లో 7–2 తేడాతో గెలిచాడు. గెలిచాక దొరికింది కూడా, తీవ్రనేరం అన్న ముద్ర పోవడం, ఇక్కడే ఉండనివ్వండి అని అడుక్కునే అవకాశం మాత్రమే. మీ అబ్బాయికి గ్రీన్‌కార్డు లేదు, దొరికింది గంజాయి కాదు.

రెండో కేసు కెంటకీది. ఆయన నలభై ఏళ్లకు పైగా అమెరికాలో ఉన్న లారీ డ్రైవరు, వియత్నాం యుద్ధంలో ఆ దేశ సైన్యంలోనే పనిచేశాడు. లారీలో గంజాయి దొరికింది. "ఇన్నేళ్లుగా ఉన్నావు, ఇమిగ్రేషన్ గురించి దిగులొద్దు" అని లాయర్ చెప్పాడు. ఆ మాట నమ్మి నేరం ఒప్పుకున్నాడు. పంపించేసే నోటీసు వచ్చింది. ఆ కేసులోనే 2010లో సుప్రీంకోర్టు ఒక నియమం పెట్టింది: విదేశీయుడికి నేరం ఒప్పుకోమని సలహా ఇచ్చే క్రిమినల్ లాయర్, దానివల్ల దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందో లేదో చెప్పి తీరాలి. ఇది మీ అబ్బాయి హక్కు. లాయర్‌ని ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడొద్దు. "అది నా సబ్జెక్టు కాదు" అన్న లాయర్‌తో మీకు పని లేదు. లేదా ఆ సబ్జెక్టు తెలిసినవాణ్ని ఆయనే పక్కన పెట్టుకోవాలి.

ట్రాఫికింగ్ విషయంలో ఇంకో ముల్లుంది. శిక్ష పడకపోయినా, మత్తుమందుల వ్యాపారంలో ఉన్నాడని నమ్మడానికి తగిన కారణం ఉంటే చాలు, వీసా అధికారి రానివ్వకపోవచ్చు. అందుకని కేసు తేలేదాకా మీ అబ్బాయి అమెరికా దాటి రాకూడదు, చెల్లెలి పెళ్లయినా సరే. కేసు గెలవడమొక్కటే సరిపోదు, ఎలా గెలిచారన్న కాగితాలు కూడా దాచుకోవాలి: కొట్టేసిన ఆర్డరు, లేబొరేటరీ రిపోర్టు, సంచి ఎవరిదో తేల్చిన ఆధారం. రేపు హెచ్-1బీ స్టాంపింగ్‌కి హైదరాబాద్ కాన్సులేట్‌లో నిలబడ్డప్పుడు ఇవే మాట్లాడతాయి. వీసా దరఖాస్తు డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని సూటిగా అడుగుతారు. అవును అనే రాయాలి. రికార్డు మూసేశారు కదా అని కాదు అని రాస్తే, అసలు కేసు కంటే ఆ అబద్ధమే పెద్ద నేరమై కూర్చుంటుంది.

మరి మంచి దారులు లేవా? ఉన్నాయి. నేరం ఒప్పుకోకుండానే షరతులు పూర్తి చేస్తే కేసు ఎత్తేసే ప్రీట్రయల్ డైవర్షన్ ఒకటి. అందులో కోర్టులో గానీ కాగితం మీద గానీ "చేశాను" అన్న మాట ఉండకూడదు, ఆ తేడా ఇమిగ్రేషన్‌కి ప్రాణం. మత్తుమందు పేరే లేని చిన్న నేరానికి మార్చుకోవడం ఇంకోటి. సంచి వేరేవాళ్లదని తేలితే ప్రాసిక్యూటరే మీవాడి మీద కేసు వదులుకోవడం మూడోది. వీటిలో ఏది దొరుకుతుందో వీడియో, లేబొరేటరీ రిపోర్టు వచ్చాకే తెలుస్తుంది. అందుకే ఇప్పుడు చేయాల్సింది ఆగడం. నాకు తెలుసు, కన్నవాళ్లకి అన్నిటికంటే కష్టమైన పని అదే.

కాలేజీ సంగతి. అక్కడ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి ఎప్పుడు, ఎంత చెప్పాలో ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే చెప్పమనండి. ఈలోపు క్లాసులు మానకూడదు, సబ్జెక్టులు తగ్గించుకోకూడదు. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఏం జరిగిందో మీరు వినే ఉంటారు. పోలీసు రికార్డుల్లో పేరు కనిపించిందని వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ రికార్డులు) రద్దు చేశారు. వాటిలో కొన్ని ట్రాఫిక్ టికెట్లు, కొన్ని ఎప్పుడో కొట్టేసిన కేసులు. అట్లాంటా ఫెడరల్ కోర్టులోనే వందమందికి పైగా విద్యార్థులు కలిసి కేసు వేశారు. ఏప్రిల్ చివర్లో రికార్డులు తిరిగి పెట్టారు. వీసా రద్దు అని ఈమెయిల్ వస్తే భయంతో వెంటనే విమానం ఎక్కినవాళ్లూ ఉన్నారు. వీసా అంటే లోపలికి రావడానికి టికెట్టు, లోపల ఉండే హక్కు వేరు. అలాంటి ఈమెయిల్ వస్తే మొదటి ఫోన్ లాయర్‌కి, ట్రావెల్ ఏజెంట్‌కి కాదు.

ఇది మీకు అవసరం దాటిపోయింది గానీ, చదివే వేరే తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. జార్జియాలో ట్రాఫికింగ్ ఛార్జికి బెయిల్ ఇచ్చే అధికారం సుపీరియర్ కోర్టు జడ్జిదే, అందుకే అలాంటి కేసుల్లో రోజులు పడతాయి. బాండ్ కట్టేముందు ఇమిగ్రేషన్ వాళ్ల హోల్డ్ ఏమన్నా ఉందేమో లాయర్‌తో చూపించుకోవాలి. 2024లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం అక్కడి జైళ్లు విదేశీయుల వివరాలను ఇమిగ్రేషన్ విభాగంతో సరిచూడాలి. హోల్డ్ ఉంటే మీరు బాండ్ డబ్బు కట్టినా పిల్లాడు ఇంటికి రాడు, ఇంకో జైలుకి వెళ్తాడు. అరెస్టయిన విదేశీయుడు అడిగితే వాళ్ల దేశపు కాన్సులేట్‌కి తెలియజేయాల్సిన బాధ్యత కూడా అక్కడి అధికారులకుంది. అట్లాంటాలోనే మన కాన్సులేట్ ఉంది. లాయర్ల పేర్లు, కుటుంబంతో మాట్లాడించడం లాంటి సాయం వాళ్లు చేయగలరు, కేసు ఆపించలేరు.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. ఇలాంటి వార్త పొక్కగానే "నేను అక్కడి అధికారులతో మాట్లాడతాను, కేసు కొట్టేయిస్తాను" అంటూ ఫోన్లు వస్తాయి. అమెరికా యాసలో మాట్లాడే వాళ్లు కూడా ఉంటారు. అరెస్టు వివరాలు అక్కడ బయటికి తెలిసేవే కాబట్టి కేసు నంబరు చెప్పినంత మాత్రాన నిజమని నమ్మొద్దు. లాయర్ ఫీజు లాయర్ ఆఫీసుకే, ఒప్పందం రాసుకునే కట్టండి. ఆ స్తోమత లేకపోతే సిగ్గుపడకుండా పబ్లిక్ డిఫెండర్‌కి (ప్రభుత్వం ఇచ్చే లాయర్‌కి) దరఖాస్తు పెట్టించండి, ఇమిగ్రేషన్ సలహాకి మాత్రం విడిగా ఒక గంటకు ఫీజు ఇవ్వండి. పొలం అమ్మాలా అన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. ఆ గంట సలహా వినకుండా ఏదీ అమ్మకండి.

ఈ రాత్రికి మీరు చేయగల పని ఒకటుంది. మీ అబ్బాయికి ఫోన్ చేసి, కేసు గురించి ఏమీ అడగకుండా, ఒక తెల్లకాగితం తీసుకోమనండి. ఆ శనివారం సాయంత్రం నుంచి ఏం జరిగిందో గుర్తున్నంత వరకూ రాయమనండి: కారులో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, సంచి ఎవరి చేతిలో చూశాడు, అసలు చూశాడా లేదా, పోలీసు ఏ మాట ముందు అన్నాడు, ఏది తర్వాత అన్నాడు, లైసెన్సు ఎప్పుడు తిరిగి ఇచ్చాడు. నెల దాటితే ఇవి చెరిగిపోతాయి, వేరేవాళ్లు చెప్పిన మాటలు వచ్చి వాటి స్థానంలో చేరతాయి. పైన "మా లాయర్‌కి" అని రాసి, ఆయన చేతికే ఇవ్వమనండి. ఫొటో తీసి ఎవరికీ పంపొద్దనండి, మీకు కూడా.